బెగోనియా పెంపకం – నా అనుభవాలు

(పింఛనర్ల దినోత్సవం సందర్భంగా ఏన్కూరులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపన్యాసం చెప్పడం నాకు అలవాటు లేని పని. 33 ఏళ్ల సర్వీసులో మైకు ముందు నిలబడింది ఒక్కసారే. అది నా పదవీ విరమణ రోజున. ఆ రోజు కూడా రెండు ముక్కలు మాట్లాడేసరికి గొంతు పూడుకుపోయి కూర్చున్నాను. పోయిన నెల కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి కాఫీ తాగుతూ, "ప్రతి డిసెంబరు 17కీ నకారా తీర్పు, డి.ఏ. బకాయిలు, మందుల బిల్లులు, ఇవే మాట్లాడుకుంటున్నామండీ. ఈసారి మీ వరండాలో ఉన్న ఈ మొక్కల గురించి చెప్పండి" అన్నారు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు పింఛను దయాధర్మం కాదు, హక్కు అని తేల్చింది. అంతటి రోజున పూలమొక్కల ముచ్చట ఏమిటని నేను వెనకాడాను. "హక్కు ప్రకారం వచ్చిన పింఛనుతోనే గదా కుండీలు కొన్నారు, చెప్పండి" అని ఆయన నన్ను ఒప్పించారు.

నేను చెప్పబోయేది బెగోనియా గురించి. పేరు వినని వాళ్లు కూడా మొక్కను చూసే ఉంటారు. ఆకు ఒక పక్క పెద్దగా, ఒక పక్క చిన్నగా, వంకరగా ఉంటుంది. ఏ బెగోనియా ఆకునైనా నడి ఈనె దగ్గర మడిచి చూడండి, రెండు సగాలూ సాధారణంగా సమానంగా రావు. మా ఇంట్లో ఉన్నది నిటారుగా వెదురు కర్రలా కణుపులు కణుపులుగా పెరిగే రకం. ముదురు ఆకుపచ్చ ఆకు మీద వెండి చుక్కలు, ఆకు అడుగున ద్రాక్షపండు ఎరుపు, గుత్తులుగా వేలాడే గులాబీరంగు పూలు. ఆకు ఆకారాన్ని బట్టి ఇంగ్లీషువాళ్లు దీన్ని ఏంజెల్ వింగ్ అంటారు. మా ఆవిడ మాత్రం మొదటి రోజు నుంచీ "చుక్కల చీర" అనే పిలుస్తుంది. నాకు ఆ పేరే బాగున్నట్టు తోస్తుంది.

ఈ మొక్క పేరులో మన ఉద్యోగులకు ఒక చిన్న గర్వకారణం ఉంది. పదిహేడో శతాబ్దం చివర ఫ్రాన్సు దేశపు సన్యాసి, వృక్షశాస్త్రవేత్త షార్ల్ ప్లూమియే వెస్టిండీసు దీవుల్లో మొక్కలు సేకరిస్తూ ఈ జాతిని చూశారు. దానికి మిషెల్ బెగోన్ అనే ఆయన పేరు పెట్టారు. ఈ బెగోన్ రాజూ కాదు, శాస్త్రవేత్తా కాదు. ఫ్రెంచి ప్రభుత్వంలో నౌకాశాఖ వ్యవహారాలు చూసిన అధికారి. ఆ దీవుల పరిపాలన కూడా కొంతకాలం చేశారు. మొక్కలంటే ఇష్టం ఉన్నవాడు గనుక ఆ సన్యాసికి అండగా నిలిచారు. 1753లో లిన్నేయస్ తన గ్రంథంలో ఆ పేరునే స్థిరపరచారు. అంటే ఫైళ్లు చూసుకునే ఒక సర్కారు ఉద్యోగి పేరు ఈనాడు రెండు వేలకు పైగా జాతులకు ఇంటిపేరుగా ఉంది. మనలో ఎవరి పేరైనా కనీసం ఒక కల్వర్టుకు పెట్టారా? (నవ్వులు)

ఇక నా కథకు వస్తాను. 2003లో గోదావరి పుష్కరాలకు మేము రాజమండ్రి వెళ్లాం. మనకు భద్రాచలం దగ్గరే అయినా, మా ఆవిడ పిన్నిగారి ఇల్లు అక్కడుండటంతో అటు పోయాం. స్నానాలయ్యాక ఒక పూట కడియపులంక నర్సరీలు చూద్దామంది. కడియం వైపు వెళ్లినవాళ్లకు తెలుసు, రోడ్డుకు రెండు వైపులా మొక్కలే. అందరూ గులాబీలు, క్రోటన్లు బేరమాడుతుంటే మా ఆవిడ ఒక మూలన, కొబ్బరి చెట్ల నీడలో ఉన్న ఈ చుక్కల మొక్క దగ్గర ఆగిపోయింది. పాతిక రూపాయలు. నేను "ఆకుల కోసం పాతిక రూపాయలా?" అన్నాను. ఆమె మాట్లాడకుండా కొంగు ముడి విప్పింది. అశ్వారావుపేట, సత్తుపల్లి మీదుగా బస్సులో ఒళ్లో పెట్టుకుని ఏన్కూరు దాకా తెచ్చింది.

నేను పనిచేసింది కాలవ శాఖలో. సాగరు ఎడమ కాలవ నీళ్లు ఏ తూముకు ఎన్ని వదలాలో లెక్కలు రాసినవాణ్ణి. అటువంటి నేను ఈ మొక్కను మూడు నెలల్లో దాదాపు చంపాను, అదీ నీళ్లు పోసి. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. ఆకులు పసుపు పచ్చగా మారితే దాహమేమోనని ఇంకో చెంబు. ఒకరోజు కాడ మొదట్లో నల్లబడి మెత్తగా అయిపోయింది. ముట్టుకుంటే నీరు కారింది. మా ఆవిడ చూసి, "అది కుండీ అండీ, కాలవ కాదు" అంది. తనే కత్తిపీటతో పైన గట్టిగా ఉన్న కొమ్మ కోసి, ఇసుకలో గుచ్చి, ఉయ్యాల గది కిటికీలో పెట్టింది. నెల తిరిగేసరికి కొత్త చిగురు వచ్చింది. నాకు తెలిసిన మొదటి పాఠం అదే: బెగోనియాకు వేరు కుళ్లితే మందు లేదు, పైకొమ్మ బతికుండగా కోసుకోవడమే దారి.

ఆ తర్వాత నాకూ పట్టుదల వచ్చింది. 2009లో రిటైరయ్యాక రోజంతా దాని పనే. ఒక కుండీ పదకొండు కుండీలైంది. దారిన పోయేవాళ్లు గేటు దగ్గర ఆగి చూసేవారు. అప్పుడు నాకో జబ్బు పట్టుకుంది. ఎవరడిగినా కొమ్మ ఇచ్చేవాణ్ణి కాదు. "ఇప్పుడు కోస్తే మొక్క బలహీనపడుతుందండీ" అనో, "వానలు పడనివ్వండి చూద్దాం" అనో తప్పించుకునేవాణ్ణి. తల్లాడ నుంచి ఒక మిత్రులు మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ వట్టి చేతులతో పంపాను. ఆయన ఇవాళ ఈ హాల్లోనే ఉన్నారు, పేరు చెప్పను గానీ, మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నారు. నిజం చెప్పాలంటే కొమ్మ కోస్తే ఈ రకం బలహీనపడదు. కోసిన చోటు కింద రెండు పిలకలు వేసి ఇంకా గుబురుగా వస్తుంది. అంటే నా పిసినారితనానికి శాస్త్రం కూడా తోడు లేదు.

2013లో ఒకరోజు స్కూటరు వరండాలో పెడుతూ హ్యాండిలు తగిలించి నేనే ఒక పెద్ద కొమ్మ విరిచాను. ఆ కోపం ఇంట్లోవాళ్ల మీద చూపించి బజారుకు పోయాను. ఆ విరిగిన కొమ్మ ఏమైందో అడగలేదు.

2015 వేసవి మీకందరికీ జ్ఞాపకమే. మే నెలాఖరున రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వడదెబ్బకు వందల మంది ప్రాణాలు పోయాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఆ సమయంలో మా అమ్మాయి పురుడికి మేమిద్దరం హైదరాబాదులో ఉన్నాం. ఏప్రిల్ చివర వెళ్లినవాళ్లం జూన్ మొదటి వారంలో వచ్చాం. మొక్కలకు నీళ్లు పొయ్యమని పక్కింటి కుర్రవాడికి తాళం ఇచ్చాను. పాపం, వాడు ఒక్కరోజు కూడా మానలేదట. తనకు వీలు దొరికేది మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చినప్పుడు. ఎండలో కాగిన పైపులోంచి వచ్చే నీళ్లు, పెనంలా ఉన్న కుండీల్లో పోశాడు. నీళ్లు ఎప్పుడు పొయ్యాలో నేను చెప్పలేదు గనుక తప్పు నాదే. మేము వచ్చి గేటు తీసేసరికి పదకొండు కుండీల్లోనూ ఎండిన కట్టెపుల్లలు నిలబడి ఉన్నాయి. ఒక్కటైనా పచ్చగా ఉందేమోనని గోటితో గీకి చూశాను. లేదు. చేతిలో మనవడి ఫొటోలు ఉన్నాయి, అవి చూపించడానికి వచ్చినవాళ్లందరికీ నేను ఈ కట్టెలు చూపించాను.

జులైలో మళ్లీ గోదావరి పుష్కరాలు వచ్చాయి. సరిగ్గా 12 ఏళ్లు. స్నానం పేరు చెప్పి రాజమండ్రి వెళ్లాను గానీ నా మనసు కడియంలో ఉంది. ఆ జనంలో, ఆ ఎండలో ఒక రోజంతా నర్సరీలు తిరిగాం. మైనపు ఆకు బెగోనియాలు కనిపించాయి. వేరే చుక్కల రకాలు కనిపించాయి. మాది దొరకలేదు. ఒక నర్సరీ ఆయన, "ఆ పాత రకం ఇప్పుడు ఎవరూ అడగట్లేదండీ, మానేశాం" అన్నారు. తిరుగు బస్సులో అశ్వారావుపేట దాటాక మా ఆవిడ నెమ్మదిగా, "కోప్పడనంటే ఒక మాట చెబుతాను" అంది. "చెప్పు" అన్నాను. "రెండేళ్ల కింద మీరు విరిచిన కొమ్మ పాలు పోసే ఆవిడకు ఇచ్చాను. ఉందో లేదో తెలియదు, అడిగి చూడనా?"

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్లాం. ఊరి చివర, బర్రెల కొట్టం. ఆ కొట్టం చూరు కింద, పగిలిన కుడితి తొట్టిలో, నా ఎత్తున నిలబడి ఉంది మా చుక్కల చీర. నిండా పూలు. దాని కిందనే బర్రె పడుకుని నెమరేస్తోంది. నేను నోరు తెరిచి అడగడానికి సిగ్గుపడి నిలబడ్డాను. ఆవిడే కొడవలి తీసుకుని టకటక నాలుగు కొమ్మలు కోసి, "చాలా సారూ, ఇంకో రెండు కొయ్యనా?" అంది. మూడుసార్లు తల్లాడ మిత్రుణ్ణి తిప్పి పంపింది గుర్తొచ్చింది. "నువ్వు ఎండల్లో ఎట్లా కాపాడావమ్మా?" అని అడిగాను. "నేనేం కాపాడిన సారూ, బర్లు కడిగిన నీళ్లు కింద పడతయి, అదే బతికింది" అంది.

ఇంటికి వచ్చి ఆ మాట గురించి చాలా ఆలోచించాను. ఆవిడ మాటలోనే ఈ మొక్క సేద్యం అంతా ఉంది. బెగోనియాలు ఎక్కువగా అడవుల్లో పెద్ద చెట్ల నీడన, బండల మీద, వాగుల పక్కన పుట్టే జాతులు. వాటికి కావలసింది వేరులో నీళ్లు కాదు, గాలిలో తేమ. కొట్టంలో నేల రోజుకు రెండుసార్లు తడుస్తుంది, పశువుల ఊపిరి ఉంటుంది, పైన గడ్డి కప్పు, చుట్టూ నీడ. తొట్టి పగిలింది గనుక అందులో చుక్క నీరు నిలవదు. నేను వరండాలో చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. వేరు నానబెట్టి, ఆకును ఎండగట్టాను. నీడలో బతకడానికి ఇవి ఎంత దూరం పోయాయంటే, మలేసియా అడవుల్లో నీలిరంగు ఆకుల బెగోనియా ఒకటి ఉంది. దాని ఆకులోని పత్రహరిత కణికలే పొరలు పొరలుగా అమరి, అడవి అడుగున దొరికే కాస్త వెలుతురునూ పట్టుకుంటాయని ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వారు 2016లో తేల్చారు.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. మీలో పెంచదలచిన వారి కోసం చెబుతున్నాను, కాగితం మీద రాసుకోనక్కర్లేదు, సంచికలో వస్తుంది.

మట్టి కుండీయే మంచిది. ప్లాస్టిక్ కుండీలో తడి తొందరగా ఆరదు. ఎర్రమట్టి ఒక వంతు, బాగా చివికిన ఆకు ఎరువు ఒక వంతు, కొబ్బరి పొట్టు, ఇసుక కలిపి ఒక వంతు, గుప్పెడు బొగ్గు ముక్కలు. మన రేగడి మట్టి మాత్రం వద్దు. నీళ్లు పడితే జిగురు, ఎండితే బీటలు. ఆకు ఎరువు కోసం అడవికి పోయి తవ్వుకురావద్దు, అది రిజర్వు ఫారెస్టు, పింఛనుతో పాటు కేసు కూడా వస్తుంది. వేప, కానుగ, మామిడి ఆకులు ఇంటి వెనక గుంతలో వేసి తడుపుతూ ఉంటే ఏడాదికి నల్లటి ఎరువు అవుతుంది. మట్టిలో వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగు ఉంటే మొక్క కుదురుకోదు. దానికి మన ఎండే మందు. మే నెలలో మట్టిని తడిపి, పలచగా పరిచి, తెల్లటి పాలిథిన్ పట్టా కప్పి, అంచులు మూసి నెల రోజులు వదిలేస్తే చాలావరకు చస్తాయి. మనల్ని చంపే ఎండ మనకు పనికొచ్చేది అక్కడొక్కచోటే.

నీళ్లు వేలితో అడిగి పొయ్యాలి. చూపుడు వేలు మొదటి కణుపు దాకా మట్టిలో గుచ్చితే పొడిగా తగిలితేనే పోయండి. తెల్లవారగట్ల పొయ్యడం మేలు. ఆకుల మీద నీళ్లు చల్లి రాత్రి వదిలేస్తే చలికాలంలో బూడిద తెగులు పడుతుంది. తేమ కోసం ఆకును తడపనక్కర లేదు, చుట్టూ నేలను తడపాలి. పళ్లెంలో గులకరాళ్లు పోసి, రాళ్లు మునగకుండా నీళ్లు పోసి, దాని మీద కుండీ పెట్టండి. ఎండ అంటే పొద్దున ఎనిమిది లోపు పడే ఎండ చాలు. తూర్పు వరండా ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పడమటి వరండా ఉన్నవాళ్లు వేరే మొక్క చూసుకోవడం మంచిది, లేదా మార్చి నుంచే తడి గోనెపట్టాలు కట్టాలి. పిండి నల్లి పడితే సబ్బునీళ్లలో ముంచిన దూదితో తుడిస్తే పోతుంది. దీని ఆకు పుల్లగా ఉంటుంది, మన చుక్కకూరలో ఉండే ఆమ్లమే ఇందులోనూ ఉంది. అందుకని మేకలు వచ్చే ఇంట్లో కాస్త ఎత్తున పెట్టండి. మనవలు నోట్లో పెట్టుకోకుండా చూడండి.

ఇక పిలకలు చేయడం. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను, అధ్యక్షులవారు గంట కొట్టవద్దని మనవి.

మా చుక్కల చీర లాంటి కణుపుల రకానికి కొమ్మే విత్తనం. జులై, ఆగస్టుల్లో గానీ, దసరా నుంచి సంక్రాంతి దాకా గానీ చేయాలి. ఏప్రిల్, మే నెలల్లో గుచ్చితే వేరు రాకముందే వాడిపోతుంది. మూడు నాలుగు అంగుళాల కొమ్మ, రెండు మూడు కణుపులు ఉండాలి. కణుపుకు కాస్త కింద పదునైన బ్లేడుతో కోయాలి. కత్తెరతో నలిపితే కుళ్లుతుంది. కింది ఆకులు, పూలు, మొగ్గలు అన్నీ తీసెయ్యాలి. పువ్వు తీయడానికి మనసు రాదు, కానీ కొమ్మ దగ్గర ఉన్న కాస్త శక్తీ పువ్వు తినేస్తుంది. గంటసేపు నీడలో ఆరనిచ్చి, ఇసుక, కొబ్బరి పొట్టు సమంగా కలిపిన దానిలో గుచ్చి, నీళ్ల సీసా అడుగు కోసి బోర్లించండి. మూత తీసి ఉంచితే గాలి ఆడుతుంది. మూడు నాలుగు వారాల్లో వేళ్లు. ఒక సంగతి మాత్రం ఎవరూ చెప్పరు, నాకు ఆరు కొమ్మలు పోయాక తెలిసింది. ఒకసారి పూసిన కణుపులోంచి సాధారణంగా మళ్లీ పిలక రాదు. అన్ని కణుపులూ పూసిపోయిన కొమ్మ గుచ్చితే వేళ్లు వస్తాయి, ఆకు పచ్చగా ఉంటుంది, కానీ పైకి ఎదగదు. కాబట్టి కోసేటప్పుడు అడుగు కణుపు దగ్గర చిన్న మొగ్గలాంటి ఉబ్బు ఉందా లేదా చూసుకోండి.

అట్లాగే ఈ రకం ఆకు ఒక్కటే పాతితే ఏమవుతుందో కూడా చూశాను. వేళ్లు వచ్చాయి. ఎనిమిది నెలలు ఆ ఒక్క ఆకు నిగనిగలాడుతూ బతికింది. పిలక పెట్టలేదు, చావలేదు. మా ఆవిడ దాన్ని "పెన్షనరు" అనేది. (నవ్వులు)

ఆకు నుంచి పిల్లలు వచ్చేది రెక్స్ రకానికి. ఇది మన దేశపు మొక్కే. అస్సాం అడవుల్లోది. 1850ల దశకంలో ఆర్కిడ్ మొక్కలతో కలిసి అనుకోకుండా బెల్జియం దేశపు నర్సరీకి చేరింది. అక్కడ దాని ఆకుల రంగులు చూసి యూరోపు అంతా వెర్రెత్తిపోయింది. ఇప్పుడు వాటి సంకర రకాలు మనం తిరిగి కొనుక్కుంటున్నాం. దీని ముదిరిన ఆకు ఒకటి తీసుకుని, వెనక్కి తిప్పి, పెద్ద ఈనెలు చీలే చోట బ్లేడుతో నాలుగైదు గాట్లు పెట్టాలి. తర్వాత తడి ఇసుక మీద ఆ గాట్లు ఇసుకకు ఆనేట్టు పరచాలి. లేచిపోకుండా చీపురు పుల్ల ముక్కలతో గుచ్చాలి, లేదా చిన్న గులకరాళ్లు పెట్టాలి. పైన పాలిథిన్ కాగితం కప్పి నీడన ఉంచాలి. నెల దాటాక ఒక్కో గాటు దగ్గర గోరంత మొక్క మొలుస్తుంది. మొదటిసారి అది చూసిన రోజు నేను మా ఆవిణ్ణి వంటింట్లోంచి పిలిచి, కళ్లజోడు పెట్టించి చూపించాను. ఈనె దగ్గరున్న పైపొర కణాలే చీలి చీలి ఒక మొత్తం మొక్కగా తయారవుతాయి. వేరు, కాడ, ఆకు, పువ్వు, అన్నిటి లెక్కా ఆ కణంలో ఉంటుంది. ఆ చిన్న మొక్కలు రెండు ఆకులు వేసేదాకా కదపకూడదు. అయితే రెక్స్ మన ఎండలకు తట్టుకోదు. మనవడు వదిలేసిన చేపల తొట్టిలో పెట్టి, పైన అద్దం వేసి, చల్లటి గదిలో ఉంచితేనే నా దగ్గర నిలిచింది.

విత్తనం జోలికి నేను పోలేదు. బెగోనియాలో మగపువ్వు, ఆడపువ్వు వేరువేరుగా ఒకే మొక్కకు పూస్తాయి. ఆడపువ్వు వెనక మూడు రెక్కల కాయ ఉంటుంది, అదే గుర్తు. విత్తనం ముక్కుపొడిలా ఉంటుంది, తుమ్మితే పోతుంది. పైగా సంకర రకాలకు విత్తనం వేస్తే తల్లిలాంటి మొక్క రాదు. ఊటీ, బెంగుళూరు పూల ప్రదర్శనల్లో అరచేతంత పూలు పూసే దుంప బెగోనియాలు చూసి వచ్చి ఎవరైనా కొనబోతే ఆగండి. అవి దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల చల్లదనంలో పుట్టిన వాటి సంతానం. ఏన్కూరు వాటికి శిక్ష.

ఇప్పుడు అసలు మన సమస్య. మనలో చాలామందికి పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. పిలుస్తారు, వెళ్తాం. నెలో, మూడు నెలలో, ఆరు నెలలో. ఇంటికి తాళం వేస్తాం. 2015 తర్వాత నేను ఊరు వెళ్లేముందు చేసేది చెబుతాను. ముందు మొక్కను సగానికి కోసేస్తాను. ఆకు తక్కువైతే దాహం తక్కువ. చలివేంద్రంలో కుండల కింద తడి ఇసుక పోస్తారు చూడండి, ఆ పద్ధతే. పాత సిమెంటు తొట్టి అడుగున చిల్లు ఉందో లేదో చూసుకుని, అందులో ఇసుక పోసి, మట్టి కుండీలను మెడ దాకా ఇసుకలో పాతి, తొట్టిని ఇంటికి ఉత్తరం వైపు నీడలోకి జరుపుతాను. పైన పచ్చ వల. పక్కింటివారికి చెప్పేది ఒక్కటే: నాలుగు రోజులకోసారి, సూర్యుడు రాకముందు, ఇసుక మీద రెండు బిందెలు, కుండీలో ఒక్క చుక్క కూడా వద్దు. పదిరోజుల ప్రయాణమైతే ఇది కూడా అక్కర్లేదు. బక్కెట్టు నీళ్లలో పాత నూలు పంచె పీలిక ఒక కొస వేసి, రెండో కొస కుండీ మట్టిలో పూడిస్తే అదే పీల్చుకుంటుంది.

ఇవన్నీ చేసినా 2019 వేసవిలో నా దగ్గరున్న తొమ్మిదింటిలో ఆరు పోయాయి. ఆ ఏడు నేను కంగారుపడలేదు. అప్పటికి ఈ మొక్క పాలావిడ కొట్టంలో ఉంది, జూలూరుపాడులో మా చెల్లెలి ఇంట్లో ఉంది, ఇక్కడ పోస్టాఫీసు వీధిలో రెండు ఇళ్లలో ఉంది, తల్లాడ మిత్రుడి బావి దగ్గర ఉంది. ఆయన దగ్గరికి నేనే స్కూటరు మీద తీసుకుపోయి ఇచ్చి వచ్చాను. ఆయన తీసుకుని, "ఇప్పుడు కోస్తే మొక్క బలహీనపడదా?" అని అడిగారు. ఆ మాట పడాల్సిందే, పడ్డాను. 2019లో నాకు కొమ్మలు ఇచ్చింది ఆయనే.

పాలావిడ కిందటేడు పాలు పొయ్యడం మానేసింది. మోకాళ్ల నొప్పులు, బర్రెలు అమ్మేశారు. కొట్టం తీసేసి కొడుకు రేకుల షెడ్డు వేశాడు. ఆ తొట్టిలో మొక్క ఎండ తగిలి పోయింది. మొన్న అక్టోబరులో మేమిద్దరం వెళ్లి, వాళ్ల నీళ్ల గోలెం పక్కన నీడ చూసి, ఒక కుండీ పెట్టి వచ్చాం. ఆవిడ "ఇదంతా ఎందుకు సారూ" అంటూనే అది సరిగ్గా ఎక్కడ పెట్టాలో చెప్పింది.

చివరగా ఒక ప్రకటన. హాలు వెనక, భోజనాల బల్ల కింద, తడి గోనెపట్టా కప్పి 40 కాగితపు గ్లాసులు ఉన్నాయి. దసరాకు గుచ్చినవి, అన్నిటికీ వేళ్లు ఉన్నాయి, మా ఆవిడ ఒక్కొక్కటీ చూసింది. ఇంటికి ఒకటి చొప్పున తీసుకోండి. బస్సులో కిటికీ పక్కన పెట్టకండి, ఒళ్లో పెట్టుకోండి. వారం రోజులు నీడలో ఉంచి ఆ తర్వాతే కుండీలోకి మార్చండి. కొత్తగూడెం బస్సు ముందు పోతుంది గనుక అటు వెళ్లేవాళ్లు ముందు తీసుకోవాలని కోరుతున్నాను. తల్లాడ వాళ్లు కాస్త ఆగినా ఫరవాలేదు, వాళ్ల దగ్గర ఉంది.